కొంగు చివర మూడు ప్రశ్నలు

"ఎలా ఉందమ్మా?" అని డాక్టరు అడుగుతారు.

"బాగానే ఉంది బాబూ" అంటుంది పెద్దామె.

క్యాన్సర్ ఆసుపత్రి ఓపీ గదిలో ఈ రెండు మాటలూ రోజుకు ఎన్నోసార్లు వినబడతాయి. అనంతగిరి కొండల నుంచి విశాఖ దిగి వచ్చిన ఒక తల్లిని ఊహించుకుందాం. యాభై దాటిన మనిషి. అంగిలి మీద పుండుకు వైద్యం జరుగుతోంది. ఒడిలో ప్లాస్టిక్ సంచి ఉంది. అందులో స్కాన్ ఫిల్ములు, ఆధార్, రేషన్ కార్డు, మడతలు నలిగిన చీటీలు. ఆమె కుర్చీ అంచున కూర్చుంది. కొడుకు పక్కన నిలబడ్డాడు. డాక్టరు అడిగిన ప్రతిదానికీ కొడుకే జవాబు చెబుతున్నాడు.

నాలుగు రోజులుగా ఆమెకు గంజి తప్ప ఏదీ గొంతు దిగడం లేదు. రాత్రిపూట చెవిలోకి పోటు వస్తోంది. రెండోసారి కీమో పెట్టాక వేళ్ల చివర తిమ్మిరి పట్టింది. ఈ మూడూ ఆ సంచిలోని ఏ కాగితంలోనూ లేవు. స్కానులో కనబడవు. ఆమె నోరు విప్పి చెబితే తప్ప డాక్టరుకు తెలిసే దారి లేదు. అయినా ఆమె "బాగానే ఉంది బాబూ" అంది.

అలా అనడంలో అబద్ధమాడే ఉద్దేశం లేదు. అది మర్యాద. ఎవరైనా కుశలం అడిగితే కష్టాలు ఏకరువు పెట్టకూడదని మనందరికీ చిన్నప్పుడే అలవాటు చేశారు. కానీ ఆసుపత్రిలో "ఎలా ఉంది" అన్నది కుశల ప్రశ్న కాదు. అది కూడా రక్తపరీక్ష లాంటి పరీక్షే. రక్తపరీక్షకు రక్తం ఇస్తాం. ఈ పరీక్షకు ఇవ్వాల్సింది మాట.

క్యాన్సర్ రోగి తన వైద్యం గురించి తాను మాట్లాడటం అంటే ఏమిటి? అది ఎందుకు అవసరం? కొండ మీద అది ఎందుకు కష్టం? ఎలా నేర్చుకోవచ్చు? ఒక్కొక్కటిగా చూద్దాం.

మాట మందుగా ఎలా పనిచేస్తుంది

మాట్లాడటం అంటే డాక్టరుతో వాదించడం అని చాలామంది అనుకుంటారు. గట్టిగా మాట్లాడేవాళ్లకే అది చేతనవుతుందని కూడా అనుకుంటారు. నిజానికి ఇందులో ఉన్నవి మూడు పనులు. తన ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పడం. తనకు ఏం చేయబోతున్నారో అడగడం. తనకు ఏది ముఖ్యమో తెలియజేయడం. మెల్లగా మాట్లాడేవాళ్లు కూడా ఈ మూడూ చేయగలరు.

దీని విలువను కొలిచి చూసిన అధ్యయనం ఒకటి ఉంది. అమెరికాలోని న్యూయార్క్‌లో మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రి వైద్యులు 766 మంది రోగులతో దాన్ని చేశారు. వాళ్లందరికీ క్యాన్సర్ అప్పటికే ఇతర అవయవాలకు పాకింది. అందరికీ కీమోథెరపీ (క్యాన్సర్ కణాలను చంపే మందులతో చేసే వైద్యం) జరుగుతోంది. వాళ్లను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మామూలు పద్ధతిలో వైద్యం చేశారు. రెండో జట్టులోని వాళ్లు వాంతులు, నొప్పి, ఆయాసం, ఆకలి లేకపోవడం వంటి 12 బాధల గురించి కంప్యూటర్‌లో ఎప్పటికప్పుడు నమోదు చేసేవారు. ఏదైనా బాధ ముదిరితే నర్సుకు వెంటనే కబురు అందేది.

ఫలితాలు 2017లో వెలువడ్డాయి. మామూలు వైద్యం అందిన జట్టులో సగం మంది 26 నెలలకు మించి బతికారు. బాధలు చెప్పుకున్న జట్టులో సగం మంది 31.2 నెలలకు మించి బతికారు. తేడా అయిదు నెలలు. అంత తేడా తెచ్చే కొత్త మందు దొరికితే పత్రికలు మొదటి పేజీలో వేస్తాయి. ఇక్కడ కొత్త మందు ఏదీ లేదు. ఉన్నది రోగి మాట, దాన్ని విని వెంటనే కదిలిన నర్సు.

ఇది ఎలా సాధ్యమైంది? బాధ ముందే తెలిస్తే దానికి మందు ముందే అందుతుంది. వాంతులు తగ్గితే తిండి ఒంటికి పడుతుంది. ఒంట్లో సత్తువ ఉంటే కీమో మధ్యలో ఆపాల్సిన పని రాదు. రోగి వైద్యాన్ని ఎక్కువ కాలం తట్టుకుంటాడు. ఒక చిన్న మాట నుంచి ఇంత గొలుసు సాగుతుంది. మాట రాకపోతే గొలుసు మొదటి కొక్కెం దగ్గరే తెగిపోతుంది.

కొండ మీద ఎందుకు, ఇప్పుడే ఎందుకు

అనంతగిరి మండలం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. బొర్రా గుహలు ఈ మండలంలోనివే. కాఫీ తోటల మధ్య నుంచి సాగే ఘాట్ రోడ్డు, సొరంగాల్లోంచి సాగే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం పర్యాటకులందరికీ తెలుసు. రోడ్డుకు దూరంగా, గుట్టల వెనక ఉన్న ఊళ్లు మాత్రం చాలామందికి తెలియవు. పినకోట, జీనబాడు, రొంపల్లి వంటి పంచాయతీల్లోని కొన్ని శివారు గ్రామాల నుంచి నేటికీ రోగిని డోలీలో మోసుకు రావాల్సిన సందర్భాలు ఉన్నాయి.

ఈ ప్రాంతానికి ఒక ప్రత్యేకమైన క్యాన్సర్ ముప్పు కూడా ఉంది. ఉత్తరాంధ్ర తీరంలోనూ కొండల్లోనూ చాలామంది స్త్రీలు చుట్టను అడ్డపొగ తాగుతారు. అంటే నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుంటారు. చేతులు పనిలో ఉన్నా, గాలి వీచినా, వాన పడినా చుట్ట ఆరదు. మెల్లగా కాలుతూ ఎక్కువసేపు వస్తుంది. కానీ ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. ఏళ్ల తరబడి తగిలితే అక్కడి చర్మం తెల్లబారుతుంది. ఎర్ర మచ్చలు పడతాయి. కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుంది. అంగిలి క్యాన్సర్ ప్రపంచంలో చాలాచోట్ల అరుదు. మన దగ్గర అరుదు కాకపోవడానికి కారణం ఇదే. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి చేసిన అధ్యయనం 1971లో అంతర్జాతీయ వైద్య పత్రికలో వచ్చింది. అడ్డపొగ అంగిలిని ఎలా మారుస్తుందో అది వివరంగా చూపింది.

ఆ మచ్చలు మొదట్లో నొప్పి పెట్టవు. నొప్పి లేనిదాన్ని గురించి ఎవరూ మాట్లాడరు. అందుకే నోటి మార్పుల గురించి ఊళ్లోనే చెప్పుకోవడం ప్రాణం కాపాడే మొదటి మాట అవుతుంది.

ఇప్పుడే ఎందుకు అంటే, వినేవాళ్లు మునుపటికంటే దగ్గరికి వచ్చారు. 30 ఏళ్లు దాటిన వారికి నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు చేసే బాధ్యత ఇప్పుడు గ్రామస్థాయి ఆరోగ్య సిబ్బందికి ఉంది. విశాఖ శివారు అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. నగరంలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో పేద కుటుంబాలకు క్యాన్సర్ వైద్యం ఉచితం. ఆసుపత్రిలో దారి చూపడానికి ఆరోగ్యమిత్ర ఉంటారు. తలుపు తెరుచుకుంది. లోపలికి వెళ్లాక ఏం మాట్లాడాలన్నదే ఇంకా నేర్చుకోవాల్సి ఉంది.

నోరు ఎందుకు పెగలదు

దీనికి కారణాలు రోగి పిరికితనంలో లేవు. చుట్టూ ఉన్న పరిస్థితిలో ఉన్నాయి.

మొదటిది భాష. ఈ కొండల్లో కువి, ఆదివాసీ ఒడియా వంటి భాషలు ఇంటి భాషలు. తెలుగు చాలామందికి సంతలోనూ బడిలోనూ నేర్చుకున్న రెండో భాష. డాక్టరు మాట్లాడే తెలుగులో సగం ఇంగ్లీషు మాటలే. ఒక చిన్న ఉదాహరణ చూడండి. "రిపోర్టు పాజిటివ్ వచ్చింది" అంటే జబ్బు ఉందని అర్థం. బయట మనం పాజిటివ్ అంటే మంచిదనే అర్థంలో వాడతాం. ఆ మాట విని తేలికపడి ఊరికి వెళ్లిపోతే తప్పు రోగిది కాదు.

రెండోది దూరం. పక్కనే ఉన్న అరకు నుంచి విశాఖకు దాదాపు 115 కిలోమీటర్లు. అగనంపూడి నగరానికి అవతలి వైపున ఉంది. సాయంత్రం కొండ దిగే కిరండూల్ పాసింజర్ ఎక్కితే రాత్రికి విశాఖ చేరతారు. స్టేషన్‌లోనో ఆసుపత్రి వరండాలోనో పడుకుంటారు. పొద్దున్న చీటీ కోసం వరసలో నిలబడతారు. డాక్టరు ముందు కూర్చునే వేళకు ఒళ్లు హూనం అయి ఉంటుంది. అడగాలనుకున్నవి ఆ అలసటలోనే జారిపోతాయి.

మూడోది భయం. ఎక్కువ అడిగితే డాక్టరు విసుక్కుంటారేమో, వైద్యం సరిగా చేయరేమో అన్న భయం. ఒక్కో డాక్టరు ముందు ఎంతమంది వేచి ఉంటారో చూసినవాళ్లకు ఈ భయం అర్థమవుతుంది. అందుకే పది ప్రశ్నలు తీసుకెళ్లడం కంటే మూడే తీసుకెళ్లడం మేలు.

రాయడం రానివాళ్లు మూడింటిని ఎలా గుర్తుపెట్టుకోవాలి? మన ఇళ్లలో దానికి పాత పద్ధతి ఉంది. మరిచిపోకూడని పని ఉంటే ఆడవాళ్లు కొంగుకు ముడి వేసుకుంటారు. మగవాళ్లు తువ్వాలుకు వేసుకుంటారు. బయల్దేరే ముందు ఇంట్లో కూర్చుని ఒక్కో ప్రశ్నకూ ఒక్కో ముడి వేసుకోవచ్చు. ఒక్కొక్కటి అడిగాక దాన్ని విప్పేయవచ్చు. ముడి మిగిలితే లేచి రాకూడదు.

మొదటి ముడి: నాకు వచ్చింది ఏమిటి, ఎక్కడి దాకా వచ్చింది?

క్యాన్సర్ అనే మాట ఒకటే. జబ్బులు మాత్రం అనేకం. గడ్డను చూసినంత మాత్రాన అది ఏదో తెలియదు. బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేస్తే తెలుస్తుంది. ముక్క తీస్తే జబ్బు ఒళ్లంతా పాకుతుందని ఊళ్లలో ఒక భయం ఉంది. ఆ భయంతో నెలలు గడిపేవాళ్లు ఉన్నారు. ఆలస్యమైన కొద్దీ జబ్బు తనంతట తానే ముదురుతుంది. ముక్క పరీక్ష లేకుండా సరైన వైద్యం మొదలుకాదు.

తర్వాత దశ (జబ్బు ఎంత పెరిగింది, ఎంత దూరం పాకింది అన్న లెక్క) తేల్చుకోవాలి. నోటి క్యాన్సర్‌నే తీసుకుందాం. మొదటి దశల్లో చాలాసార్లు ఆపరేషన్ ఒక్కటే సరిపోతుంది. ముదిరితే ఆపరేషన్‌తో పాటు రేడియేషన్, కీమో కూడా కావాల్సి రావచ్చు. దశ తెలిస్తే ముందున్న ప్రయాణం ఎంతో తెలుస్తుంది.

జవాబు విన్నాక మరో చిన్న పని ఉంది. విన్నదాన్ని మన మాటల్లో తిరిగి చెప్పాలి. "పుండు అంగిలి మీదే ఉంది, మెడలోకి దిగలేదు. ముందు ఆపరేషన్. అంతేనా బాబూ?" అలా చెబితే పొరపాటు ఉంటే డాక్టరు అక్కడికక్కడే సరిదిద్దుతారు. తల ఊపితే సరిదిద్దే అవకాశమే ఉండదు.

రెండో ముడి: ఈ వైద్యం దేనికి? ఎన్నాళ్లు?

ప్రతి వైద్యానికీ ఒక ఉద్దేశం ఉంటుంది. జబ్బును పూర్తిగా నయం చేయడానికా? పెరగకుండా ఆపడానికా? బాధ తగ్గించడానికా? మూడూ మంచి ఉద్దేశాలే. కానీ మూడింటికీ కుటుంబం చేసుకోవాల్సిన ఏర్పాట్లు వేరు. ఎద్దులు అమ్మాలా, అప్పు తేవాలా, పిల్లవాడిని బడి మాన్పించి తోడుగా తీసుకెళ్లాలా అన్న నిర్ణయాలు దీనిమీదే ఆధారపడతాయి. కాబట్టి ఈ ప్రశ్న అడగడానికి సంకోచించనవసరం లేదు.

"ఎన్నాళ్లు" అన్నది అంతకంటే ముఖ్యం. రేడియేషన్ (కిరణాలతో క్యాన్సర్ కణాలను చంపే వైద్యం, ఊళ్లో కరెంటు పెట్టడం అంటారు) నోటి క్యాన్సర్‌కు సాధారణంగా వారానికి అయిదు రోజుల చొప్పున ఆరేడు వారాలు ఇస్తారు. ఒక్కో రోజు పట్టేది కొద్ది నిమిషాలే. కానీ రోజూ రావాలి. దీనికి కారణం ఉంది. ప్రతి రోజూ కొన్ని కణాలు చస్తాయి. మిగిలినవి మళ్లీ పెరగడానికి ప్రయత్నిస్తాయి. అవి కోలుకునేలోగా తర్వాతి దెబ్బ పడాలి. మధ్యలో వారం రోజులు మానేస్తే బతికిన కణాలకు పుంజుకునే వ్యవధి దొరుకుతుంది. అప్పటిదాకా పడిన శ్రమలో కొంత వృథా అవుతుంది.

ఇప్పుడు కొండ మీది క్యాలెండరు చూడండి. నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ పండ్లు కోసే కాలం. చాలా ఇళ్లకు ఏడాదిలో చేతికి డబ్బు వచ్చే రోజులు అవే. తర్వాత ఆదివాసీలు చేసుకునే ఇటుకల పండుగ. ఆ రోజుల్లో వైద్యం మధ్యలో ఆపి ఊరికి వెళ్లిపోవాలనిపించడం సహజం. ముందే డాక్టరుకు చెబితే దారి దొరకవచ్చు. కీమో తేదీని కొద్ది రోజులు జరపగలరేమో వాళ్లు చూస్తారు. రేడియేషన్ మొదలయ్యాక అలా జరపకూడదు. కాబట్టి మొదలుపెట్టక ముందే "ఈ ఆరువారాలూ ఎక్కడ ఉండాలి, తిండి ఎలా, రానూపోనూ ఖర్చు ఎలా" అని అడగాలి. అది డాక్టరును అడగాల్సిన విషయం కాదని చాలామంది మొహమాటపడతారు. వైద్యం పూర్తవుతుందా లేదా అన్నదాన్ని తేల్చేదే అది. ఆరోగ్యమిత్రను, ఆసుపత్రి సాంఘిక కార్యకర్తను అడిగి తెలుసుకోవాలి.

కొన్ని పరీక్షలు, మందులు ఇంటికి దగ్గరలో దొరుకుతాయా అని కూడా అడగవచ్చు. 2012లో ఏర్పడిన జాతీయ క్యాన్సర్ గ్రిడ్ దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రులను ఒక తాటిపైకి తెచ్చి, ఏ జబ్బుకు ఏ వైద్యం అన్న ఉమ్మడి మార్గదర్శకాలు రూపొందిస్తోంది. ఒకచోట మొదలైన వైద్యాన్ని మరోచోట కొనసాగించడానికి ఇలాంటివి తోడ్పడతాయి.

మూడో ముడి: ఏం జరిగితే వెంటనే రావాలి?

మూడింటిలో ప్రాణానికి దగ్గరి ప్రశ్న ఇదే.

కీమో మందులు క్యాన్సర్ కణాలతో పాటు రక్తంలోని తెల్లకణాలను (సూక్ష్మజీవులతో పోరాడే కణాలు) కూడా తగ్గిస్తాయి. మందు ఎక్కించిన తర్వాత సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య అవి బాగా పడిపోతాయి. సరిగ్గా ఆ రోజుల్లో రోగి ఊళ్లో ఉంటాడు. అప్పుడు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా అది మామూలు జ్వరం కాదు. పోరాడే కణాలు లేని ఒంట్లో సూక్ష్మజీవులు గంటల్లో పెరిగిపోతాయి. వెంటనే రక్తపరీక్ష చేసి యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి.

మన్యంలో జ్వరం అనగానే అందరికీ మలేరియా గుర్తొస్తుంది. అది సహజమే. చుక్క రక్తం తీసి మలేరియా పరీక్ష చేస్తారు. లేదని తేలితే జ్వరం బిళ్ల ఇచ్చి పంపుతారు. బిళ్లతో జ్వరం తగ్గినట్టు కనబడుతుంది. లోపల ప్రమాదం పెరుగుతూనే ఉంటుంది. ఈ పొరపాటును ఆపగలిగింది ఒకే ఒక్క వాక్యం: "నాకు కీమో జరుగుతోంది. మందు ఎక్కించి పది రోజులైంది." ఆశా కార్యకర్తకైనా, పీహెచ్‌సీ డాక్టరుకైనా, 108 సిబ్బందికైనా మొదట చెప్పాల్సిన మాట అదే. రోగి చెప్పలేని స్థితిలో ఉంటే ఇంట్లోవాళ్లు చెప్పాలి. అందుకే ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఆ వాక్యం నోటికి రావాలి. ఆసుపత్రి ఇచ్చిన చివరి చీటీ, ఫోన్ నంబరు ఇంటి దూలానికి వేలాడే సంచిలో అందరికీ అందేలా ఉండాలి. డోలీ కట్టాల్సిన ఊరివాళ్లయితే ఇంకా ముందే బయల్దేరాలి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. తన వైద్యం గురించి మాట్లాడటం పెద్ద ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ముందు మాత్రమే జరిగేది కాదు. అది ఊరి ఆరోగ్య కేంద్రం గడప దగ్గర కూడా జరగాలి.

నొప్పిని చెప్పుకోవడం

నొప్పిని ఓర్చుకోవడం గొప్ప అని మనం అనుకుంటాం. క్యాన్సర్ నొప్పి విషయంలో ఆ ఓర్పు నష్టమే తెస్తుంది. నొప్పి ఉంటే నిద్ర ఉండదు, తిండి పోదు, వైద్యం తట్టుకునే శక్తి తగ్గుతుంది. ఆసుపత్రుల్లో నొప్పిని సున్నా నుంచి పది దాకా అంకెల్లో చెప్పమంటారు. అంకెలు కుదరకపోతే పనులతో చెప్పవచ్చు. "నిద్ర పట్టనివ్వడం లేదు" అంటే డాక్టరుకు అర్థమవుతుంది. "మింగితే చెవిలోకి పొడుస్తోంది" అంటే ఇంకా బాగా అర్థమవుతుంది. నరం దెబ్బతిన్న నొప్పి మంటలా, కరెంటు షాకులా ఉంటుంది. దానికి మందు వేరు. నొప్పి ఎలాంటిదో చెబితేనే సరైన మందు దొరుకుతుంది.

తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ వాడతారు. అది మత్తుమందు, అలవాటు పడిపోతారని భయపడతారు. డాక్టరు పర్యవేక్షణలో నొప్పికి సరిపడా వాడినప్పుడు ఆ ప్రమాదం తక్కువ. మలబద్ధకం చాలామందికి వస్తుంది కాబట్టి దానికి మందు కూడా అడగాలి. మార్ఫిన్ రోగులకు తేలికగా అందడానికి 2014లో పార్లమెంటు మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించింది. నొప్పి తగ్గించమని అడగడానికి రోగి సంకోచించనవసరం లేదు.

అడిగే హక్కు ఎక్కడి నుంచి వచ్చింది

ఈ హక్కు ఊరికే రాలేదు. కొందరు అడగబట్టి వచ్చింది.

1970ల దాకా అమెరికాలో రొమ్ములో గడ్డ ఉన్న స్త్రీకి మత్తు ఇచ్చి, ముక్క తీసి, క్యాన్సర్ అని తేలితే అదే మత్తులో రొమ్ము తీసేసేవారు. మెలకువ వచ్చాక చూసుకుంటే గానీ ఏం జరిగిందో ఆమెకు తెలిసేది కాదు. 1974లో రోజ్ కుష్నర్ అనే పాత్రికేయురాలికి రొమ్ములో గడ్డ కనబడింది. ముందు పరీక్ష చేయండి, ఫలితం నాకు చెప్పండి, తర్వాత ఏం చేయాలో నిర్ణయిద్దాం అని ఆమె పట్టుబట్టింది. దానికి ఒప్పుకునే సర్జన్ కోసం వెతుక్కుంది. తర్వాత పుస్తకం రాసింది. 1979లో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణుల సభలో ఆమెకూ చోటు దక్కింది. పరీక్షను, ఆపరేషన్‌ను రెండు వేర్వేరు మెట్లుగా చేయాలని ఆ సభ సిఫారసు చేసింది. ఒక రోగి అడిగిన ప్రశ్న వేలమందికి పద్ధతి అయింది.

మన దేశంలో 2008 జనవరి 16న సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో తీర్పు చెప్పింది. అది క్యాన్సర్ కేసు కాదు. పరీక్ష కోసం మత్తులో ఉన్న ఒక స్త్రీకి, బయట ఉన్న తల్లి సమ్మతి తీసుకుని గర్భాశయం, అండాశయాలు తొలగించారు. ప్రాణాపాయం లేనప్పుడు, వయసొచ్చిన రోగికి బదులు ఇంకొకరు ఇచ్చే సమ్మతి చెల్లదని కోర్టు తేల్చింది. వైద్యం ఏమిటి, దాని ప్రయోజనం ఏమిటి, ప్రమాదం ఏమిటి, వేరే దారి ఉందా అన్నవి రోగికి అర్థమయ్యేలా చెప్పాలని అంది.

వైద్య రికార్డుల గురించి కూడా నియమం ఉంది. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నిబంధనలు చెబుతాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రాన్ని కేంద్ర ఆరోగ్య శాఖ 2018లో ప్రజల ముందు ఉంచింది. సమాచారం, సమ్మతి, రికార్డులు, మరో డాక్టరు అభిప్రాయం తీసుకునే వీలు అందులో ఉన్నాయి. మరో డాక్టరును సంప్రదించడం మొదటి డాక్టరును అవమానించడం కాదు.

ఇంట్లో మొదలయ్యే మౌనం

సమ్మతి రోగిదే అని కోర్టు చెప్పింది. ఇంట్లో మాత్రం చాలాసార్లు ఇంకోలా జరుగుతుంది. "అమ్మకు చెప్పకండి డాక్టరు గారూ, తట్టుకోలేదు" అని కొడుకు గది బయటే ప్రాధేయపడతాడు. అది ప్రేమే. సందేహం లేదు. కానీ ఫలితం ఆలోచించాలి. తనకు ఏమైందో తెలియని మనిషి ఏం అడుగుతుంది? జుట్టు ఊడుతుంది, ఒళ్లు తూలుతుంది, అందరూ చాటుగా ఏడుస్తారు. ఆమెకు ఊహ అందకుండా ఉంటుందా? అందుతుంది. తనకు తెలిసిపోయిందని చెబితే పిల్లలు బాధపడతారని ఆమె కూడా దాచుకుంటుంది. ఒకే ఇంట్లో రెండు వైపులా మౌనం గోడ కడుతుంది.

ఎంత చెప్పాలి అన్నది రోగినే అడగవచ్చు. "అన్నీ నీకే చెప్పమంటావా అమ్మా, పెద్ద విషయాలు మాతో మాట్లాడమంటావా?" కొందరు అన్నీ తెలుసుకోవాలంటారు. కొందరు వద్దంటారు. రెండూ వాళ్ల నిర్ణయాలే. అడగకుండా మనం నిర్ణయించడం మాత్రం సరికాదు.

తోడు వచ్చేవాళ్లు కూడా తమ పని తెలుసుకోవాలి. జవాబులు వాళ్లు చెప్పకూడదు. రోగి మరిచిపోతే గుర్తుచేయాలి. డాక్టరు చెప్పింది రోగి ఇంటి భాషలోకి మార్చి చెప్పాలి. తాము విన్నదాన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఒంటరిగా నేర్చుకునేది కాదు

ఈ విద్యను ఎక్కువగా నేర్పేది ముందు నడిచినవాళ్లే. లింఫోమా అనే క్యాన్సర్ నుంచి కోలుకున్న హర్మలా గుప్తా 1991లో ఢిల్లీలో క్యాన్సర్ సహయోగ్ మొదలుపెట్టారు. జబ్బు నుంచి బయటపడినవాళ్లు కొత్త రోగుల పక్కన కూర్చుని మాట్లాడటం దాని పని. రొమ్ము క్యాన్సర్‌ను జయించిన నటి గౌతమి తన అనుభవాన్ని ఎన్నో వేదికల మీద చెబుతూ వచ్చారు. కొండ మీద కూడా వైద్యం పూర్తిచేసుకుని తిరిగి వచ్చినవాళ్లు ఉన్నారు. సంతలో, నీళ్ల ఊట దగ్గర వాళ్లు కువిలోనో ఒడియాలోనో చెప్పే నాలుగు మాటలు ఏ కరపత్రం కంటే బాగా చేరతాయి.

అనంతగిరికి ఇది పూర్తిగా కొత్త పాఠం కూడా కాదు. బొర్రా చుట్టుపక్కల గిరిజన గ్రామాల భూములను గనులకు లీజుకు ఇచ్చినప్పుడు ఈ మండలం వాళ్లు ప్రశ్నించారు. సమత అనే సంస్థ వాళ్ల తరఫున కోర్టుకు వెళ్లింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దేశమంతటా సమతా తీర్పుగా పేరుపొందింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు గనుల లీజులు ఇవ్వకూడదని అది చెప్పింది. అక్కడ మాట ఊరివాళ్లది. దాన్ని చట్టం భాషలోకి మార్చడానికి పక్కన ఒకరు నిలబడ్డారు. ఆసుపత్రిలో రోగికి కావాల్సింది కూడా సరిగ్గా అదే.

కాబట్టి భారమంతా రోగి మీద వేయడం న్యాయం కాదు. ఆసుపత్రి చేయాల్సిన పనులు ఉన్నాయి. కువి, ఒడియా తెలిసిన ఒక్క మనిషిని ఓపీలో కూర్చోబెట్టవచ్చు. "ఎలా ఉంది" అనే బదులు "నిన్న ఏం తిన్నావు, రాత్రి ఎంతసేపు పడుకున్నావు" అని అడగవచ్చు. ఆ ప్రశ్నకు "బాగానే ఉంది బాబూ" అని జవాబు చెప్పడం ఎవరికీ కుదరదు. లేవబోయే ముందు "ఇంకేం అడగాలనుకున్నావమ్మా" అని ఒక్క నిమిషం ఆగవచ్చు.

మొదట ఊహించుకున్న తల్లి దగ్గరికి మళ్లీ వెళదాం. మూడు వారాల తర్వాత అదే గది. అదే సంచి. ఈసారి కొడుకు ఆమె వెనక నిలబడ్డాడు. "ఎలా ఉందమ్మా?" అని డాక్టరు అడిగారు. ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. ఒడిలోకి కొంగు తీసుకుంది. మొదటి ముడి మీద వేలు పెట్టింది.

"మింగుడు పడటం లేదు బాబూ. గంజి తప్ప ఏదీ దిగడం లేదు. రాత్రి చెవిలోకి పోటు. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి."

డాక్టరు చీటీ పక్కన పెట్టి ఆమె చేయి అందుకున్నారు. ఒక్కో వేలి కొస నొక్కి చూశారు. తర్వాత నోరు తెరవమన్నారు. మందు మోతాదు మార్చాలా, నొప్పికి ఏం ఇవ్వాలి, తిండి గొంతు దిగేదాకా ముక్కు గొట్టం అవసరమా అన్న ఆలోచన అక్కడ మొదలైంది. "ఇది ఎక్కడి దాకా వచ్చింది బాబూ?" అని అడిగి, జవాబు విన్నాక ఆమె మొదటి ముడి విప్పింది. కొంగుకు ఇంకా రెండు ఉన్నాయి. ఆమె లేవలేదు.